అరటి గుండె

"ఓ మాతా, నన్ను మన్నింపుము. ఇది నా కంఠము దాటుట లేదు."

అలా అని ఇస్తీ గిన్నెను రెండు చేతులతో ఎంతో మర్యాదగా వెనక్కి జరిపింది. ఇన్షిరాహ్‌కు కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే బెంగగా మారింది. తెల్లవారుజాము నమాజు చదువుకున్నది మొదలు పొయ్యి దగ్గరే నిలబడి, నేతిలో వేయించి, నువ్వులూ బాదంపప్పూ దంచి పోసి, అడుగంటకుండా కలుపుతూ కాచిన ముగాత్ జావ అది. బాలింతకు ఆ వేరుపొడి జావ పట్టించని ఇల్లు ఈజిప్టులో ఉండదు. నిన్న మెంతుల కషాయం ఇలాగే తిరిగి వచ్చింది. మొన్న పావురం పులుసు రెండు చెంచాలు తాగి, దండం పెట్టినంత పని చేసి పడుకుంది.

"పోనీ ఏం తింటావే తల్లీ? నోరు విప్పి చెప్పు. ఎక్కడున్నా సరే తెచ్చిపెడతాను."

ఇస్తీ పక్కలో ఉన్న పసిదాన్ని చూసింది. కిటికీ వంక చూసింది. 

"మా దేశమున బాలింతలు కదళీ హృదయము భుజింతురు. దానివలన క్షీరము వృద్ధి యగునట. మా అమ్మ ఫోనులో దినదినము అదియే చెప్పుచున్నది. నాకు కదళీ హృదయము కావలెను మాతా."

"ఏంటీ?"

"కదళి యనగా అరటి."

"అరటి తెలుసులే. దానికి హృదయమేంటి? గుండెకాయా?"

"అవును. గుండె," అని ఇస్తీ అరచెయ్యి తన ఛాతీ మీద పెట్టి చూపించింది. అంతలో పసిది ఏడుపు అందుకుంది. సన్నటి ఏడుపు. అంత సన్నగా ఏడవడమే ఇన్షిరాహ్‌కు నచ్చలేదు. ఆకలేసిన పిల్ల ఇల్లు పీకి పందిరేయాలి గానీ ఇలా గుడ్లు తేలేసి మూలుగుతుందా?

ఇస్తీ మాట్లాడేది పుస్తకాల అరబ్బీ. జావా దీవిలోని మదరసాలో వ్యాకరణం బట్టీపట్టి నేర్చుకుంది. అజ్‌హర్‌లో ధర్మశాస్త్రం చదవడానికి కైరో వచ్చి నాలుగేళ్ళయింది. కూరగాయల బండివాడి దగ్గరకు వెళ్ళి, "ఓ వర్తకా, ఈ ఉల్లిగడ్డల మూల్యమెంత?" అని అడిగితే వాడు బండి పట్టుకుని మరీ నవ్వేవాడు. నవ్వి, రెండు ఉల్లిపాయలు ఎక్కువే వేసేవాడు. ఆమె పేరు కూడా అలాంటిదే, ఇస్తికామా. తిన్నని దారిలో నిలకడగా నడవడమని దాని అర్థం. అద్దెకు ఇల్లు అడగడానికి వచ్చిన రోజున ఆ పేరు విని, "అది పేరు కాదమ్మా, శుక్రవారం మసీదులో చెప్పే ప్రసంగం. రోజూ అంత పొడుగు నేను పిలవలేను," అని ఇన్షిరాహే దాన్ని ఇస్తీ అని కుదించింది.

బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు. పేరు సల్సబీలా. స్వర్గంలో ఒక ఊట పేరది. తల్లి దగ్గర మాత్రం పాల ఊట సరిగా లేదు. మంగళవారం నాడు పక్కవీధి ఆసుపత్రికి తూకానికి తీసుకెళితే, పుట్టినప్పుడు మూడు కిలోలున్న పిల్ల రెండు కిలోల ఏడువందల యాభై దగ్గర ఆగింది. నర్సమ్మ మంచిది. మెల్లగానే చెప్పింది. "వచ్చే మంగళవారం మళ్ళీ తీసుకురండి. అప్పటికీ పెరగకపోతే డబ్బాపాలు మొదలుపెడదాం. అందులో తప్పేం లేదమ్మా, వాటితో ఎంతమంది పెరగడం లేదు?" ఇస్తీ తలూపింది. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా శబ్దం రాకుండా ఏడ్చింది. ఆమెకు డబ్బాపాల మీద పగేమీ లేదు. రెండేళ్ళు తల్లిపాలు పట్టమని గ్రంథంలో చదువుకున్న పిల్ల, చదువుకున్నది చెయ్యలేకపోతున్నానని ఆమె బాధ. బాధతో తిండి దిగేది కాదు, తిండి లేక పాలు వచ్చేవి కావు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతోంది.

భర్త ముజక్కిర్ కూడా విద్యార్థే. హజ్ నెల కావడంతో తమ దేశపు యాత్రికులకు దారి చూపించే పనికి మక్కా వెళ్ళాడు. పండుగ అయ్యాక గానీ రాడు. మేడ మీది మిగతా జావా పిల్లలకు పరీక్షలు. వాళ్ళు వంతులు వేసుకుని వచ్చి, పుస్తకం ఒక చేత, పసిగుడ్డలు ఒక చేత పట్టుకుని ఆరేసి పోతున్నారు. ఇక మిగిలింది ఇంటావిడ ఇన్షిరాహే.

ఆమె నైలు పాయల మధ్య, అష్మూన్ దగ్గరి ఒక పల్లెలో పుట్టింది. ఊరి బడిలో మూడు తరగతులు చదివింది. పద్దెనిమిదేళ్ళకు సిటీ బస్సు కండక్టరును చేసుకుని కైరో వచ్చింది. ఆయన జీతం మిగిల్చి, ఏడాదికో గది, మూడేళ్ళకో అంతస్తు లెక్కన పదో పేటలో ఈ ఇల్లు కట్టాడు. కట్టడం పూర్తయిన రెండేళ్ళకు కన్నుమూశాడు. పిల్లలు లేరు. మక్కా చూడకపోయినా వయసును బట్టి అందరూ ఆమెను హాజ్జా అనే పిలుస్తారు. బాలింత పథ్యాలన్నీ చెల్లెలు నఫూసాకు ఐదు పురుళ్ళు పోసి నేర్చుకున్నవి. వాటిలో ఏదీ ఈ పిల్ల దగ్గర పనిచెయ్యలేదు.

కిందికి వచ్చి ఇన్షిరాహ్ వంటింట్లో కూర్చుని ఆలోచించింది. గుండె అంటే ఆమె ఎరిగిన మాటే. అక్కడి జనం బాదంపప్పును బాదం గుండె అంటారు. జల్దారు పండు గుండె అంటే పిక్క పగలగొడితే వచ్చే పప్పు. మరి అరటిపండుకు పిక్కేదీ? ఒక పండు వలిచి నిలువునా చీల్చింది. నడిమధ్యన సన్నగా నల్లచుక్కల చార కనిపించింది. "ఇదే అయ్యుండాలి," అనుకుంది. డజను పళ్ళు చీల్చి, చెంచా అంచుతో ఆ చారంతా గీకి, తేనె కలిపి, చిన్న గాజు గిన్నెలో పెట్టి పైకి తీసుకెళ్ళింది.

ఇస్తీ తిన్నది. అంతా తిన్నది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదేనా తల్లీ?"

"మాతా, నీ ప్రేమ గొప్పది. అయినను ఇది అరటిపండు."

*

మసాలా దినుసుల మిత్వల్లీ కొట్టు వీధి మొదట్లో ఉంది. ఇన్షిరాహ్ చెప్పింది విని ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"హాజ్జా, మా నాన్న కూర్చున్న బల్ల ఇది. బాదం గుండె కావాలా, ఇస్తా. జల్దారు గుండె, పిస్తా గుండె, పుచ్చగింజ గుండె, ఏది కావాలన్నా ఇస్తా. అరటికి గుండే ఉంటే మనవాళ్ళు ఈపాటికి ఉప్పేసి వేయించి అమ్మెయ్యరూ?"

"ఎగతాళి తర్వాత చేద్దువు గాని, అక్కడ పిల్ల చిక్కి శల్యమైపోతోంది."

ఆయన ముఖం మారింది. "ఖర్జూరం చెట్టు పడగొడితే నడినెత్తిన తెల్లటి ముద్ద దొరుకుతుంది చూడు, అదీ గుండే కదా. అలా అరటి బోదెలో దూట ఏమో?"

"దూట తింటారా ఎవరైనా?"

"వాళ్ళు ఏం తింటారో మనకేం తెలుసు? ఆ మూల మీద జావా దుకాణం ఉందిగా, వెళ్ళి అడుగు."

"అక్కడికా?" ఇన్షిరాహ్ గొంతు తగ్గించింది. "అందులో కప్పలు అమ్ముతారంటగా?"

"వాడు శుక్రవారం నా పక్కనే నమాజుకు నిలబడతాడు హాజ్జా. కప్పలు తినే మొహం కాదులే. వెళ్ళు."

పదకొండేళ్ళుగా రోజూ ఆ దుకాణం ముందు నుంచే రొట్టెలకు వెళ్ళి వస్తున్నా ఆమె ఒక్కసారీ గడప తొక్కలేదు. తలుపు తీసినప్పుడల్లా బయటికి వచ్చే ఎండు రొయ్యల వాసనకు ముక్కు మీద కొంగు వేసుకుని దాటేసేది. ఆ రోజు మాత్రం బిస్మిల్లా అనుకుని, కుడికాలు ముందుపెట్టి లోపలికి వెళ్ళింది.

లోపల ఇరుకు. నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు, సీసాలు, సంచులు ఉన్నాయి. ప్రతిదాని మీదా ఏవో వంకర టింకర రాతలు, నవ్వుతున్న చేపల బొమ్మలు. గల్లా వెనక నలభై అయిదేళ్ళ మనిషి కూర్చుని ఆకుల కట్టలకు దారం చుడుతున్నాడు. పేరు రుస్లాన్.

"అస్సలాము అలైకుం హాజ్జా! ఈ రోజు సూర్యుడు ఏ దిక్కున పొడిచాడో! నువ్వు మా కొట్లోకి రావడమే!"

కైరో వీధుల్లో పుట్టిపెరిగినవాడిలా మాట్లాడుతున్నాడు. ఇన్షిరాహ్ ఆశ్చర్యపోయింది. "నువ్వు జావావాడివి కాదూ?"

"అదిగో, నువ్వూ అదే అన్నావా? నాది సుమత్రా, పడాంగ్. జావా వాణ్ణి కాదు మొర్రో అని పదిహేడేళ్ళుగా మొత్తుకుంటున్నా, బయట నా పేరే రాసిపెట్టుకున్నా, ఈ పేట మొత్తానికి ఇది జావా దుకాణమే. చెప్పు హాజ్జా, ఏం కావాలి?"

గుండె సంగతి వెంటనే అడగడానికి ఆమెకు మొహమాటం వేసింది. మళ్ళీ నవ్వితే? "చూస్తాను ముందు," అంది. చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు, అల్మరాల మధ్య మెల్లగా నడిచింది.

బుట్టలో లేత గులాబీ రంగు కణుపులున్న దుంపలు కనిపించాయి. "ఇది అల్లమా?"

"వాసన చూడు."

చూసింది. ఇంకోసారి చూసింది. "ఇది ఖులంగాన్ కాదూ!" దుంపరాష్ట్రం. మిత్వల్లీ కొట్లో కట్టెముక్కల్లా ఎండిపోయి ఉంటుంది. దగ్గు వస్తే ఆమె దాన్నే మరగబెట్టుకుని తాగుతుంది. "బతికున్నప్పుడు ఇలా ఉంటుందా ఇది! ఎంత ముద్దుగా ఉందో."

ఆ మాటతో ఆమెకు ధైర్యం వచ్చింది. చేతులు ముందుకు వచ్చాయి. నల్లటి ముద్ద ఒకటి తీసి నొక్కింది. చింతపండు. "ఇది మాకూ తెలుసు. రంజానులో షర్బత్తు చేస్తాం."

"మేం చేపల పులుసులో వేస్తాం."

"చేపల్లో షర్బత్తా?" ఆమె గట్టిగా నవ్వింది. తర్వాత అరటాకులో చుట్టిన ఒక తెల్లటి దిమ్మె తీసి, ముఖం చిట్లించి, అతని వైపు వంగి గుసగుసగా చెప్పింది. "నాయనా, నీ మంచికే చెప్తున్నా, ఇది బూజు పట్టింది. ఎవరూ చూడకముందే పారెయ్."

"అది టెంపే హాజ్జా. సోయాగింజలు. బూజు పట్టలేదు, అంటే... పట్టింది. మేమే పట్టిస్తాం."

"పట్టించుకుంటారా!"

"మీ మిష్ జున్ను కుండలో పురుగులు మసులుతుంటే కళ్ళు మూసుకుని తినేది ఎవరో మరి?"

"దాని జోలికి రాకు, అది మా అమ్మ పెట్టిన రుచి."

"ఇదీ అంతే మరి. మా అమ్మ పెట్టిందే," అన్నాడతను. ఇన్షిరాహ్ ఆ దిమ్మెను ఉన్న చోటే, ఈసారి కాస్త గౌరవంగా పెట్టింది.

పక్కనే ఎండు రొయ్యల ముద్ద ఉంది. దాన్ని మాత్రం దూరం నుంచే గుర్తుపట్టింది. నాలుగేళ్ళ కిందట మేడ మీద పిల్లలు దాన్ని కాల్చితే, నీళ్ళ ట్యాంకులో ఏదో చచ్చి పడిందని ఇద్దరు పనివాళ్ళను పిలిపించి ట్యాంకు మొత్తం కడిగించింది. ఆ మరుసటి వసంత పండుగకు ఆమె ఊరబెట్టిన చేప డబ్బా మూత తీస్తే, అదే పిల్లలు చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తుకొచ్చి, "మాతా, నీకు క్షేమమేనా?" అని అడిగారు. ఆ రోజుతో ఇరువైపులా సమం అయిపోయింది.

ఇక దాచుకోలేక అడిగేసింది. "నాయనా, అరటి గుండె అని ఉంటుందా మీ దగ్గర?"

రుస్లాన్ చేతిలోని దారం ఆగింది. "అరటి గుండెనా? ఎవరన్నారు?"

"ఇస్తీ. మా మేడ మీది పిల్ల. బాలింత. పాలు చాలడం లేదు. అది తింటే పాలొస్తాయని వాళ్ళమ్మ చెప్పిందట."

"ఓహో, జంతుంగ్ పీసాంగ్! మా భాషలో దాన్ని అలాగే అంటాం. ఆ పిల్ల మాటకు మాట పెట్టి అరబ్బీ చేసేసింది. నువ్వేమో..."

"నేనేమో డజను పళ్ళు చీల్చి నల్లచుక్కలు గీకి పెట్టాను."

అతను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి గల్లా కిందికి వంగి, ఏదో వెతుకుతున్నట్టు కాసేపు అక్కడే ఉండిపోయాడు. పైకి లేచినప్పుడు చేతిలో ఒక డబ్బా ఉంది. "ఇదీ హాజ్జా. థాయిలాండు నుంచి ఓడలో వస్తుంది."

డబ్బా మీది బొమ్మ చూసి ఇన్షిరాహ్ కొంగు జారిపోయినా సర్దుకోలేదు. అరటిగెల చివర వేలాడే ఊదారంగు మొగ్గ. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తోటలో గెల చివరి హస్తం విచ్చుకున్నాక, కొడవలితో ఆ మొగ్గ కోసి పారేయడం ఆడపిల్లల పని. తనూ నఫూసా పోటీలు పడి కోసేవాళ్ళు.

"ఇది మా గేదె తిండి!"

"ఏంటీ?"

"అరటిపువ్వు! దీన్ని మేం గేదెకు వేసేవాళ్ళం నాయనా. మిగిలింది కాలవ గట్టు మీద కుప్ప పోసేవాళ్ళం. దీన్ని డబ్బాలో పెట్టి ఓడలో తెస్తున్నారా?"

రుస్లాన్ ముఖంలోని వెటకారమంతా పోయింది. "ఒట్టు?"

"అల్లా పేరు ఊరికే ఎందుకు తీయిస్తావు? అష్మూన్ వైపు రా, తోటలకు తోటలు. ఈ ఎండల్లోనే పూసేది."

"పదిహేడేళ్ళు," అన్నాడతను డబ్బా వైపే చూస్తూ. "రెండు గంటల దూరంలో చెట్టున వేలాడుతుంటే, పదిహేడేళ్ళుగా ఈ ఉప్పునీళ్ళ పువ్వు తింటున్నానా!"

ఆమె డబ్బా తీసుకోబోతే అతను ఇవ్వలేదు. "వద్దు హాజ్జా. ఇది ఆర్నెల్లు ఉప్పునీళ్ళలో కూర్చున్న పువ్వు. ఆ పిల్ల నోటికి గడ్డిలా ఉంటుంది. నిజమైంది దొరికే చోటు నీకు తెలిసినప్పుడు ఇది అమ్మితే నాకు పాపం." కొబ్బరిపాలు, నిమ్మగడ్డి, ఆమెకు ముద్దొచ్చిన ఆ దుంపరాష్ట్రం మూటకట్టి, వండే పద్ధతి ఒక కాగితం మీద పెద్ద పెద్ద అరబ్బీ అక్షరాల్లో రాసి ఇచ్చాడు. ఆమె గడప దాటుతుంటే వెనక నుంచి కేకేశాడు. "నాక్కూడా రెండు తేవా, నీ పుణ్యం!"

*

మర్నాడు పొద్దున్నే ఇస్తీ దగ్గర మేడ మీది ఒక పిల్లను కూర్చోబెట్టి, ఇన్షిరాహ్ చిన్న బస్సెక్కి పుట్టింటి ఊరు వెళ్ళింది. నఫూసా తోటలోనే ఉంది. అక్క గోనెసంచి విప్పి పువ్వులు అడగ్గానే గుండెల మీద చెయ్యేసుకుంది.

"గేదెనెప్పుడు కొన్నావే?"

"గేదెకు కాదు. బాలింతకు."

"అయ్యో అల్లా! పరాయి దేశం పిల్ల, తల్లి దగ్గర లేదు, దానికి పశువుల తిండి పెడతావా? నలుగురూ ఏమనుకుంటారు? కోడి లేదా నీ దగ్గర? ఇదిగో, రెండు కోళ్ళు పట్టుకుపో."

"కోడి తినదే. వాళ్ళమ్మ ఇదే తినమంటోందట."

"వాళ్ళమ్మా?" నఫూసా కొంచెం మెత్తబడింది. ఏ దేశమైనా తల్లి మాటకు ఆమె ఎదురు చెప్పదు. "ఏమో మరి. ఇది తిన్న రోజుల్లో మన గేదె కుండెడు పాలిచ్చేది, అదైతే నిజం."

"దాన్ని ఆ పిల్ల ముందు అనకు."

ఇద్దరూ ఎండలో తిరిగి, లేతగా గట్టిగా ఉన్న మొగ్గలు చూసి కోశారు. అక్క చీలమండలు వాచి ఉండడం చూసి, సంచి నఫూసాయే రోడ్డు దాకా మోసింది. బస్సు డ్రైవరు సంచి తన కాళ్ళ దగ్గర పెట్టించుకుని, "ఏంటి హాజ్జా, బాంబులా?" అన్నాడు. బాలింత కోసం అని తెలిశాక మిగతా వాళ్ళను దింపి, ఆమె వీధి మొదటి దాకా బస్సు తిప్పి తెచ్చి మరీ దించాడు.

పొద్దువాలే వేళ అసర్ నమాజు అయ్యాక ఇన్షిరాహ్ పొయ్యి, పీట, కత్తి అన్నీ మేడ మీది వంటింట్లోనే పెట్టుకుంది. వండుతుంటే వాసనకైనా పిల్లకు ఆకలి పుడుతుందని ఆశ. రుస్లాన్ కాగితంలో "పువ్వు శుభ్రం చేసి" అని మాత్రమే ఉంది. శుభ్రం అంటే కడగడమే కదా అనుకుంది. ఒక మొగ్గ కడిగి, క్యాబేజీ తరిగినట్టు అడ్డంగా నాలుగు కోతలు కోసింది. కోసిన చోటల్లా చూస్తూండగానే నల్లబడింది. జిగురు కత్తికి పట్టుకుంది, వేళ్ళకు పట్టుకుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని కొరికింది. చేదు, వగరు. నాలుక మొద్దుబారిపోయింది.

"ఓ మాతా! ఆగుము! ఆగుము!"

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో ఇస్తీ. ఆసుపత్రికి వెళ్ళిన రోజు మినహా పది రోజులుగా గోడ పట్టుకుని స్నానాలగదికి తప్ప కదలని పిల్ల, చంకలో పసిదానితో, జుట్టు కూడా ముడేసుకోకుండా వచ్చి నిలబడింది. పీట మీది ఊదారంగు మొగ్గలనే చూస్తోంది.

"ఇవి... ఇవి ఎచ్చటివి?"

"మా పుట్టింటివి. నిన్నటిదాకా ఇదే గుండె అని తెలీదు. ఏదో చేశాను చూడు, నల్లబడిపోయింది, చేదుగా ఉంది."

"అట్లు కోయరాదు మాతా! ముందు పైరేకులు ఒలువవలెను. లోని పూవులలో గట్టి కేసరము ఉండును, దానిని తీసివేయవలెను. ఉప్పునీటిలో వేయవలెను. జరుగుము, నేను చూపెదను."

ఆమె పసిదాన్ని ఇన్షిరాహ్ ఒళ్ళో పెట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కొక్క రేకూ విప్పుతూ, దాని కింద దాక్కున్న లేత పసుపు పూల వరస తీసి, ఒక్కొక్క పువ్వులోంచి గట్టి కేసరం వేలిగోటితో లాగి పారేస్తూ పోయింది. చేతులు ఎంత చకచకా కదిలాయంటే, ఇన్షిరాహ్ చూస్తూ ఉండిపోయింది. ఈ పిల్లకు ఇది వాళ్ళమ్మ పక్కన కూర్చుని చేసిన పని. పుస్తకంలోంచి వచ్చింది కాదు.

రుస్లాన్ కాగితం చదివి ఇస్తీ మూతి విరిచింది. "ఇన్ని మిరపకాయలా! ఇది పడాంగ్ వారి పద్ధతి. మా జావాలో కొంచెము బెల్లము వేయుదుము."

"ఆ మాట వాడి ముందు అనకు, కొట్టు మూసేసుకుంటాడు."

కొబ్బరిపాలలో పువ్వు ఉడుకుతుంటే నిమ్మగడ్డి వాసన ఇల్లంతా కమ్ముకుంది. చివర్లో వెల్లుల్లి తాలింపు పోసే పని ఇన్షిరాహ్ తీసుకుంది. తాలింపు గిన్నె ఎత్తింది, చెయ్యి గుండెల మీద వేసుకుంది, "హా!" అని ఇల్లు అదిరేలా ఊపిరి లోపలికి లాగి, అప్పుడు పోసింది.

ఇస్తీ ఉలిక్కిపడి లేచింది. "ఏమైనది మాతా! కాలినదా?"

"కాల్లేదే. తాలింపు పోసేటప్పుడు ఊపిరి లాగాలి. లాగకపోతే కూర కూరలా ఉండదు. మా అమ్మ లాగింది, వాళ్ళమ్మ లాగింది."

"ఏల?"

"ఏల ఏంటి? నీ ధర్మశాస్త్రంలో లేనివన్నీ నన్ను అడక్కు."

ఇస్తీ నవ్వింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, ఆగలేదు. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ అలికిడికి పసిది లేచి, ఈసారి గొంతు చించుకుని ఏడ్చింది. "అయ్య బాబోయ్, పిల్ల లేచిపోయింది!" అంది ఇస్తీ. అచ్చం కూరగాయల బండి దగ్గర వినబడే వీధి అరబ్బీలో. నాలుగేళ్ళలో ఆమె నోట ఆ మాటలు రావడం అదే మొదలు. ఇన్షిరాహ్ విననట్టే ఊరుకుంది. ఎత్తిచూపితే పిల్ల మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళిపోతుందని భయం.

అన్నంలో కలుపుకుని ఇస్తీ రెండు పళ్ళేలు తిన్నది. మూడోసారి గిన్నె అడుగు గీకింది. ఇన్షిరాహ్ కూడా భయం భయంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మెత్తగా, కమ్మగా, ఎక్కడో మూల చిన్న వగరుతో ఉంది. "మా గేదెకు రుచి తెలుసు," అనుకుంది లోపల. పైకి మాత్రం, "బాగుందే," అని ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులూ అదే వంట. మధ్యలో ఒక రోజు మెంతుల కషాయం కూడా ఇస్తీ తనే అడిగి, ముక్కు మూసుకుని తాగింది. "నీవు నా పూవును తింటివి, నేను నీ మెంతులు త్రాగెదను," అంది. ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టింది. ఇన్షిరాహ్ తెచ్చిచ్చిన రెండు పువ్వుల్లో రుస్లాన్ ఒకటి వండుకుని తిని, రెండోది కూర చేసి ఇస్తీకే పంపాడు. అందులో బెల్లం వేశాడు. పడాంగ్ మనిషికి అది మామూలు త్యాగం కాదని ఇస్తీ చెప్పింది.

మంగళవారం ఆసుపత్రి బయటి బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇస్తీ పెదవులు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటోంది. ఖురాన్‌లో ఇన్షిరాహ్‌కు తెలిసిన చిన్న సూరాలన్నీ అయిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. పిలుపు వచ్చింది. నర్సమ్మ పసిదాని బట్టలన్నీ విప్పి తూకం పళ్ళెంలో పడుకోబెట్టింది. చల్లటి పళ్ళెం తగిలి సల్సబీలా కాళ్ళు తన్నుకుని గట్టిగా అరిచింది. అంకెలు ఎగిరి ఎగిరి నిలబడ్డాయి.

"రెండు కిలోల తొమ్మిది వందల ఎనభై," అంది నర్సమ్మ. "చాలా బాగా పెరిగింది. డబ్బా అక్కర్లేదు. ఇలాగే పట్టు, వచ్చే వారం మళ్ళీ చూద్దాం. ఏం పెట్టారమ్మా తల్లికి? మెంతులేనా?"

ఇస్తీ పమిట లాంటి తన పొడుగు ముసుగు అంచుతో ముఖం కప్పేసుకుంది. మెంతులో, పువ్వో, ఆ సాయంత్రపు నవ్వో, ఏ దారిన వచ్చిందో ఇన్షిరాహ్‌కూ తెలియదు. ఇచ్చినవాడు ఒక్కడే కదా అనుకుంది. "అన్నీ పెట్టాం తల్లీ," అంది నర్సమ్మతో. "అల్లాకు స్తోత్రం, అన్నీ పెట్టాం."

నర్సమ్మ పసిదాన్ని ఎత్తబోయింది. ఇన్షిరాహ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు, ఉండు. ఎత్తకు. పిల్ల తల్లి ఏడుస్తూ అంకె చూడనేలేదు. ఆ కళ్ళు తుడుచుకోనీ, ఇంకోసారి తూచమ్మా."